టిక్కెట్టు లేని వేసవి

జూన్ నెల రాగానే అమెరికాలో మన ఇళ్ళల్లో ఒక లెక్క మొదలవుతుంది. బడికి సెలవులిచ్చేస్తారు. మళ్ళీ తెరిచేది ఆగస్టు మూడో వారంలో. మధ్యలో పదకొండు వారాలు. మా చుట్టుపక్కల సమ్మర్ క్యాంపంటే వారానికి, ఒక్కొక్కరికి, 250 నుంచి 400 డాలర్లు. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఆ హెచ్చవేత మీరే వేసుకోండి, నాకు నీరసం వస్తుంది. పోనీ ఇండియా వెళ్దామా అంటే నలుగురి విమానం టిక్కెట్లే ఆరేడు వేలు. పోనీ ఎక్కడికీ కదలకుండా ఇంట్లోనే ఉందామా అంటే, సెలవులిచ్చిన రెండో రోజు పొద్దున్న పదింటికల్లా "అమ్మా, బోర్ కొడుతోంది" అని సంగీతం మొదలు.

మన చిన్నప్పుడు వేసవి సెలవులకి లెక్కలేం ఉన్నాయి? అమ్మమ్మగారి ఊరు వెళ్ళడం, రావడం. అయ్యే ఖర్చేదో తాతయ్యకి అయ్యేది. మా అమ్మమ్మగారిది ఆత్రేయపురం దగ్గర చిన్న ఊరు. ఇంటి వెనక కాలవ, కాలవ గట్టున కొబ్బరిచెట్లు. అయితే ఒకటి, అక్కడ వేసవంటే ఎండకి దాక్కోవడం. పొద్దున్న పదకొండు దాటితే గడప దాటనిచ్చేవారు కాదు. తలుపులు దగ్గరగా వేసి, నేల మీద నీళ్ళు చల్లి, "వడదెబ్బ కొడితే ఎవరిది పూచీ" అంటూ మా పదిమందినీ చాప మీద వరసగా పడుకోబెట్టేది అమ్మమ్మ.

ఒహాయోలో దీనికి సరిగ్గా తిరగేసి. ఆర్నెల్లు చలికి లోపల కూర్చున్న జనం జూన్ వచ్చేసరికి బయట పడతారు. రాత్రి తొమ్మిదింటిదాకా వెలుతురుంటుంది. ఇంట్లో కూర్చోవాల్సింది జనవరిలో, జులైలో కాదు. ఈ సంగతి బుర్రకెక్కినా ఒంటికి పట్టడానికి మనకి చాలా ఏళ్ళు పడుతుంది. ఇప్పటికీ పిల్లల్ని తీసుకుని మిట్టమధ్యాహ్నం బయల్దేరుతుంటే మా అపార్ట్‌మెంట్లో మన పెద్దావిడ ఒకరు అడుగుతూనే ఉంటారు, "ఎండలో తిప్పుతున్నావేమిటమ్మా, పిల్లలు నల్లబడిపోరూ?" అని. నల్లబడతారండీ. డిసెంబరుకి మళ్ళీ మామూలే.

మేముండేది క్లీవ్‌లాండ్‌కీ ఆక్రన్‌కీ మధ్య. ప్రతి వసంతంలో త్యాగరాజ ఉత్సవాలు జరిగే ఊరు కాబట్టి క్లీవ్‌లాండ్ పేరు మనవాళ్ళు చాలామంది వినే ఉంటారు. ఈ రెండూళ్ళ మధ్య కయహోగా అని ఒక నది పారుతుంది. వంకర టింకర నది అని ఆ పేరుకి అర్థం చెబుతారు. 1969 జూన్ 22న ఈ నది తగలబడింది. నేను పొరపాటున రాయలేదు, నీళ్ళే అంటుకున్నాయి. ఫ్యాక్టరీలు వదిలిన నూనె, చెత్త అంతగా పేరుకుపోయింది. అంతకుముందు కూడా చాలాసార్లు అంటుకుందట కానీ, ఈసారి దేశమంతా పరువు పోయింది. 1972లో వచ్చిన స్వచ్ఛజల చట్టం వెనక ఈ మంట కూడా ఉంది. అదే నది ఒడ్డున 1974లో ప్రభుత్వం ఒక వినోద ప్రాంతం ఏర్పాటు చేసింది. 2000లో దాన్నే కయహోగా వ్యాలీ నేషనల్ పార్క్ చేశారు. ఎల్లోస్టోన్‌కీ గ్రాండ్ కాన్యన్‌కీ ఉన్న హోదానే దీనికీ ఉంది. లేనిదల్లా గేటు. ప్రవేశ రుసుం లేదు, పార్కింగుకీ డబ్బు తీసుకోరు.

ఈ పార్కు మాకు బాగా పరిచయమైంది 2023 వేసవిలో. ఆ ఏడు మే ఆఖరి వారంలో, ఒక మంగళవారం పొద్దున్న, పదిహేను నిమిషాల వీడియో కాల్‌లో మా ఆయన ఉద్యోగం పోయింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఆ తర్వాత ఏమిటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. 60 రోజులు. ఈలోపు ఇంకో కంపెనీ కాగితాలు వెయ్యాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. నాది హెచ్-4, పని చెయ్యడానికి వీల్లేదు. ఆ ఏడు ఇండియా వెళ్దామనుకున్నది ఆ రోజే ఆగిపోయింది.

తిండికి మరీ ఇబ్బంది ఏమీ రాలేదు. వచ్చిన ఇబ్బంది ఇంకోటి. ఇంటర్వ్యూలన్నీ ఇంట్లోంచే. మాది రెండు పడక గదుల అపార్ట్‌మెంట్, ఒక గదిలో తుమ్మితే ఇంకో గదిలో చిరంజీవ అంటాం. అప్పుడు మా పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నాడికి ఆరు. నాన్న గదిలో అవతలి వాళ్ళు డేటాబేసుల గురించి అడుగుతుంటే, హాల్లో వీళ్ళిద్దరూ రిమోట్ కోసం జుట్లు పట్టుకునేవాళ్ళు. కాబట్టి పొద్దున్న తొమ్మిదింటికి పిల్లల్ని తీసుకుని నేను బయటికి పోవాలి, సాయంత్రం దాకా రాకూడదు, డబ్బు ఖర్చు పెట్టకూడదు. ఉద్యోగం సంగతి పిల్లలకి చెప్పలేదు. నాన్నకి మీటింగులు ఎక్కువయ్యాయి అన్నాం. అబద్ధమూ కాదు.

అలా ఆ రెండు నెలల్లో ఆ లోయలోకి ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కపెట్టలేదు. పాతిక నిమిషాల దూరం, పెట్రోలు ఖర్చు తప్ప ఇంకేం లేదు. జూన్ ఆఖర్లో కెనడా కార్చిచ్చుల పొగ వచ్చి కమ్మేసిన రెండు మూడు రోజులు మాత్రం లైబ్రరీలో కూర్చున్నాం.

మొదట మమ్మల్ని పట్టుకున్నది పాత కాలవ. ఆక్రన్ నుంచి క్లీవ్‌లాండ్ దాకా 1827లో పడవల కోసం తవ్విన కాలవ అది. ఒహాయో-ఈరీ కాలవ అంటారు. ఆక్రన్ ఎత్తు మీదుంది, క్లీవ్‌లాండ్ పల్లంలో సరస్సు ఒడ్డునుంది. పడవ ఆ ఎత్తు దిగడానికి దారిలో 44 లాకులు కట్టారు. లాకులు అనే మాట కొందరికి కొత్తగా ఉండచ్చు గానీ గోదావరి జిల్లాలవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా అమ్మమ్మగారి ఊరికి దగ్గర్లో బొబ్బర్లంక లాకులు. అమ్మమ్మ చిన్నప్పుడు పడవెక్కి రాజమండ్రి వెళ్ళేవారట. వెనక తలుపు మూసి, నీరు నిండుతుంటే పడవ మెట్టు మెట్టుగా పైకి లేస్తుంటే, దానికి భయపడి వాళ్ళమ్మ కొంగు పట్టుకునేదట. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టింది 1847లో. అంటే ఇక్కడి పడవలు లాకులు దిగడం మొదలుపెట్టిన ఇరవై ఏళ్ళకి. ఎక్కడి కయహోగా, ఎక్కడి గోదావరి, కానీ ఆ రాతి గోడల మధ్య నిలబడి చూస్తే ఒకటే వరస. 1913లో వచ్చిన పెద్ద వరదతో ఈ కాలవ పని అయిపోయింది. ఒకప్పుడు కంచరగాడిదలు పడవల్ని తాళ్ళతో లాగుతూ నడిచిన గట్టు ఇప్పుడు నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ బాట. టోపాత్ అంటారు.

వ్యాలీ వ్యూ అనే చోట 38వ లాకు దగ్గర చిన్న మ్యూజియం ఉంది, అదీ ఉచితమే. వేసవిలో కొన్ని రోజులు వాలంటీర్లు పాతకాలం బట్టలేసుకుని వచ్చి లాకు తలుపులు తీసి మూసి చూపిస్తారు. తలుపుకి అడ్డంగా ఉండే పెద్ద దూలాన్ని పిల్లల చేత కూడా నెట్టిస్తారు. మా చిన్నాడు దాన్ని వీపుతో నెట్టాడు, ముఖం ఎర్రగా చేసుకుని. ఇంటికొచ్చి స్నానాల తొట్టిలో రెండు ట్రేలు అడ్డం పెట్టి లాకు కట్టాడు. బాత్రూమంతా వరద. ఆ వారం వాడు "బోర్" అన్న గుర్తు లేదు.

ఇంకో చోటు చెప్తాను. ఐరా అనే పార్కింగ్ స్థలం దగ్గర దిగి టోపాత్ మీద అర మైలు దాకా నడిస్తే ఒక చిత్తడి నేల. బీవర్ మార్ష్ అంటారు. బీవర్ అంటే మన పందికొక్కుకి పెద్దన్నయ్య అనుకోండి. పళ్ళతో చెట్లు కొరికి పడేసి, వాగులకి అడ్డుకట్టలు కట్టుకుని కాపురముంటుంది. ఆ చోటు ఒకప్పుడు కార్లు బాగుచేసే షెడ్డు, చుట్టూ తుక్కు ఇనుము. దాన్ని పార్కింగ్ స్థలం చేద్దామని పార్కువాళ్ళ ఆలోచన. 1984లో సియెర్రా క్లబ్ సభ్యులు కొందరు వచ్చి ఆ కారు ముక్కలన్నీ ఏరి అవతల పడేశారు. ఈలోపు, వందేళ్ళకి పైగా ఆ ప్రాంతంలో కనబడని బీవర్లు ఎక్కణ్ణుంచో వచ్చి పాత కాలవకి అడ్డుకట్ట కట్టేశాయి. నీళ్ళు నిలిచాయి. నీళ్ళతోపాటు కలవలు, కలవలతోపాటు కప్పలు, కప్పల కోసం కొంగలు. పార్కువాళ్ళు పార్కింగ్ ఆలోచన మానుకుని, నీళ్ళ మీద చెక్కల వంతెన వేసి ఊరుకున్నారు.

బీవర్లు మొదటిసారే కనబడతాయనుకోకండి. పొద్దు వాలాక గానీ బయటికి రావు. మొదటి మూడుసార్లు మాకు తాబేళ్ళు, మన నారాయణపక్షికి దగ్గర చుట్టమైన ఒక పెద్ద నీలికొంగ మాత్రమే దర్శనమిచ్చాయి. నాలుగోసారి మా పెద్దది వంతెన కమ్మీ మీద గడ్డం ఆనించి నలభై నిమిషాలు కదలకుండా నిలబడింది. ఇంట్లో నాలుగు నిమిషాలు కూర్చోబెట్టి జడ వెయ్యలేని పిల్ల. ఎనిమిదిన్నరకి నీళ్ళ మీద గీత గీసినట్టు ఒక తల కదిలింది. అంతే. చప్పట్లు కొట్టలేదు, కేకలు పెట్టలేదు, నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

ఖర్చు లేని చోటుకి ఉన్న సుఖం ఇదే. టిక్కెట్టు కొన్న చోటుకి వేసవికి ఒక్కసారే వెళ్తాం. ఇంత పోసి కొన్నాం కాబట్టి గేటు తీసేసరికి అక్కడుండాలి, మూసేదాకా కదలకూడదు, పిల్లాడు నిద్రొచ్చి ఏడుస్తున్నా "ఇంకొక్క రైడు ఎక్కేద్దాం నాన్నా" అనాలి. డబ్బివ్వని చోట గంట ఉండి వచ్చెయ్యచ్చు. వానొస్తే సగం దారిలో వెనక్కి తిరగచ్చు. బీవర్ ఇవాళ రాకపోతే రేపొస్తుందిలే అనుకోవచ్చు. అమ్మమ్మ ఊరిని మనమెప్పుడైనా "చూశామా"? ఆ ఊళ్ళో చూడ్డానికి ఏముంది గనక. ఏడాదికోసారి వెళ్ళాం, ఏ చెట్టుకి ఏ కొమ్మ విరిగిందో గుర్తు పట్టాం. మా పిల్లలకి ఆ ఊరు వేసవుల్లో లేదు. ఈ చిత్తడి నేలలో ఎండిన దుంగ మీద ఏ తాబేలు ఏ వైపు కూర్చుంటుందో మాత్రం వాళ్ళకి తెలుసు.

ఇంటర్వ్యూలు లేని ఒక శుక్రవారం మా ఆయన కూడా వచ్చారు. ఆ రోజు లెడ్జెస్ అనే చోటుకి వెళ్ళాం. అడవి మధ్యలో నిట్టనిలువుగా నిలబడ్డ పెద్ద పెద్ద బండలు, వాటి మధ్య సందులు, సందుల్లో నాచు, ఎంత ఎండలోనూ చల్లదనం. ఐస్ బాక్స్ అని ఒక గుహ కూడా ఉంది గానీ గబ్బిలాలకి జబ్బొచ్చిందని లోపలికి పోనివ్వరు. పైకెక్కితే లోయంతా కనబడుతుంది. ఆ బండల పక్కన పెద్ద పచ్చిక మైదానం, దాని అంచున రాళ్ళతో, దుంగలతో కట్టిన పాతకాలపు షెల్టరు. దాని నీడలో దుప్పటి పరిచి పులిహోర డబ్బా తీశాం.

ఆ షెల్టర్లు, ఆ చుట్టుపక్కల మెట్లు, బాటలు చాలావరకు కట్టింది 1930లలో ఉద్యోగాలు లేని కుర్రాళ్ళు. ఆర్థిక మాంద్యం రోజుల్లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1933లో సివిలియన్ కన్సర్వేషన్ కోర్ అని పెట్టి, పనిలేని యువకుల్ని దేశమంతా అడవుల్లోకి పంపింది. నెలకి 30 డాలర్ల జీతం. అందులో ఇంచుమించు 25 డాలర్లు తిన్నగా ఇంటికే పంపేసేవాళ్ళు. మిగతా అయిదు వాళ్ళ చేతి ఖర్చుకి. నేను ఇది ఫోన్లో చదివి చెబుతుంటే మా ఆయన పులిహోరలో పల్లీలు ఏరుకుంటూ విన్నారు. కాసేపటికి లేచి వెళ్ళి ఆ రాతి గోడని అరచేత్తో తడిమి చూసి వచ్చారు. "గట్టిగా కట్టారు" అన్నారు. ఉద్యోగం పోయాక ఆయన ఉద్యోగం గురించి కాకుండా ఇంకోదాని గురించి మాట్లాడ్డం అదే మొదటిసారి. తర్వాత చిన్నాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని బండల సందుల్లోకి వెళ్ళిపోయారు. 52వ రోజున కొత్త కంపెనీ కాగితాలు వేసింది, అది వేరే కథ.

తిండి మాటకొస్తే, మన పులిహోరని మించిన ప్రయాణపు తిండిని ఈ దేశం కనిపెట్టలేదు. ఫ్రిజ్ అక్కర్లేదు, చల్లారితే ఇంకా రుచి. పెరుగన్నానికి మాత్రం ఐసు పెట్టె కావాలి, లేదా పాలు ఎక్కువ పోసి తోడు తక్కువ వేసి కలిపితే మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది, ఇది మా అమ్మమ్మ రైలు ప్రయాణాల విద్య. కార్తీక మాసంలో ఉసిరిచెట్టు కింద చేసుకోవాల్సిన వనభోజనాలు ఇక్కడ నవంబరు చలిలో కుదరవు కాబట్టి మన సంఘాలవాళ్ళు జులైకి మార్చేశారు. మంచిదే. కానీ అక్కడ రెండొందల మంది, కేటరింగ్ ట్రేలు, మైకులో అంత్యాక్షరి. ఆ హడావుడి ఏడాదికి ఒకసారి సరదా. వనం మాత్రం ఆ రోజు పాపం ఎక్కడో ఓ మూల ఒదిగి కూర్చుంటుంది.

సాయంత్రం ఉండగలిగితే ఉండండి. జూన్ చివర్లో, జులైలో చీకటి పడుతుండగా గడ్డి మైదానాల మీద మిణుగురులు లేస్తాయి. నేను చిన్నప్పుడు వాటిని అమ్మమ్మగారి కాలవ గట్టున చూశాను. మళ్ళీ ఇక్కడే. ఎవరూ టిక్కెట్టు అడగరు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత నన్ను తిట్టుకుంటారు. గడ్డిలో టిక్ అనే చిన్న పురుగు ఉంటుంది, మన గోమారి లాంటిది. పాకి ఒంటిని పట్టుకుంటుంది, కొన్ని జబ్బులు కూడా తెస్తుంది. నిండు చేతుల చొక్కా, పంట్లాం అంచులు సాక్సులోకి దోపడం, ఇంటికొచ్చాక చెవుల వెనక, చంకల కింద, మోకాళ్ళ వెనక వెతకడం. మూడేసి ఆకులు ఒక గుత్తిగా ఉండే పాయిజన్ ఐవీ తీగని ముట్టుకుంటే దద్దుర్లు వస్తాయి, పిల్లలకి ముందే చూపించి పెట్టండి. బ్రాండీవైన్ జలపాతం దగ్గర పార్కింగ్ చిన్నది, వారాంతంలో తొమ్మిది దాటితే దొరకదు. ఈరీ సరస్సు బీచికి పెద్ద వానపడిన మర్నాడు వెళ్ళకండి, నీళ్ళలో మురుగు కలుస్తుంది, ఈతకి మంచిది కాదని బోర్డు పెడతారు. మిగతా రోజుల్లో క్లీవ్‌లాండ్ ఎడ్జ్‌వాటర్ బీచిలో పిల్లల్ని ఇసకలో వదిలేసి మీరు పుస్తకం చదువుకోవచ్చు.

వేరే రాష్ట్రాలవాళ్ళు మాకేంటి అంటారేమో. ఒహాయోలో నేషనల్ పార్కు ఒక్కటే కాదు, రాష్ట్ర పార్కులకీ ప్రవేశ రుసుం లేదు. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌కి కూడా ప్రవేశం ఉచితం, 2023 నుంచి పార్కింగుకి మాత్రం రోజుకి 5 డాలర్ల చీటీ. సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాల, షికాగోలో లింకన్ పార్క్ జూ, రెండిటికీ టిక్కెట్టు లేదు. టెక్సస్ రాష్ట్ర పార్కుల్లో పన్నెండేళ్ళ లోపు పిల్లలకి ప్రవేశం ఉచితం. ఇక నాలుగో తరగతి పిల్లలున్నవాళ్ళు ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్ పాసు సంగతి మర్చిపోకండి. సెప్టెంబరు నుంచి మరుసటి ఆగస్టు ఆఖరు దాకా చెల్లుతుంది. రుసుం తీసుకునే నేషనల్ పార్కులకి కూడా పిల్లతోపాటు కార్లో ఉన్న కుటుంబాన్ని ఉచితంగా పోనిస్తారు. అంటే నాలుగు పూర్తయిన ఈ సెలవులే దానికి ఆఖరి గడువు. పార్కు ఏదైనా, లోపలికి వెళ్ళగానే జూనియర్ రేంజర్ పుస్తకం ఉందా అని అడగండి. పిల్లలు అందులో పనులు పూర్తిచేస్తే రేంజరు వాళ్ళ చేత చెయ్యెత్తించి ప్రమాణం చేయించి బ్యాడ్జీ ఇస్తారు. మా చిన్నాడు దాన్ని పైజమాకి పెట్టుకుని పడుకున్నాడు.

ఈ వేసవికి మా అమ్మ రాజమండ్రి నుంచి వస్తోంది. మొన్న ఫోన్లో, "అక్కడికొస్తే నాకేం చూపిస్తార్రా?" అని మనవణ్ణి అడిగింది. నయాగరా అంటాడనుకుంది కాబోలు. వాడు తడుముకోకుండా "లాకులు చూపిస్తా అమ్మమ్మా" అన్నాడు.

అవతల్నించి కాసేపు మాట లేదు. తర్వాత నన్ను పిలిచింది. "ఏమే, లాకులు చూడ్డానికి నేను అమెరికా దాకా రావాలిటే?"